బంగారు నానోకణాలు: సీటీలో చూడటానికీ, కాంతితో కాల్చడానికీ

ప్రశ్న: సీటీలో కణితిని చూపించే బంగారు నానోకణాలతోనే దాన్ని కాల్చవచ్చంటున్నారు. స్కాన్‌లో స్పష్టత కోసం ఎక్కించే అయోడిన్ మందు ఉండగా బంగారం ఎందుకండీ? వేడి ఎలా పుడుతుంది?

జవాబు: అయోడిన్ పరమాణు సంఖ్య 53, బంగారానిది 79. పైగా ఎక్స్‌రే శక్తి 80.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటగానే బంగారం ఎక్స్‌రేలను మింగడం ఒక్కసారిగా పెరుగుతుంది. అయోడిన్‌కు ఆ మెట్టు 33.2 దగ్గరే. అందుకే 120–140 కిలోవోల్టుల స్కాన్‌లో బంగారానిది పైచేయి. 80కి తగ్గిస్తే ఆ తేడా పెద్దగా మిగలదు.

వేడికి ఆకారం ముఖ్యం. వెడల్పుకు దాదాపు 4 రెట్లు పొడవున్న బంగారు నానోకడ్డీలు 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల కాంతిని పీల్చి వేడెక్కుతాయి. రక్తం, నీరు అక్కడ తక్కువ పీలుస్తాయి కాబట్టి 808 నానోమీటర్ల లేజర్ వాడతారు. అయినా కాంతి చేరేది మహా అయితే సెంటీమీటరు, రెండు. లోతైన కణితికి ఆప్టికల్ ఫైబర్ దించాల్సిందే.

చిక్కులు తయారీలోనే మొదలవుతాయి. కడ్డీలను పెంచడానికి వాడే సీట్యాబ్ అనే సబ్బులాంటి రసాయనం శరీర కణాలకు విషం. సెంట్రిఫ్యూజ్‌లో దాన్ని వదిలించాలని అతిగా కడిగితే కడ్డీలు ముద్దకడతాయి, అందుకే థయాల్ పెగ్ (బంగారానికి అతుక్కునే పాలిమర్) పూత వేసుకుంటూ కడగాలి. లేజర్ పల్సు తీవ్రత మించితే కడ్డీలు కరిగి గోళాలవుతాయి. కాంతిని పీల్చే చోటు 520 నానోమీటర్ల దగ్గరకు జారి, 808 లేజర్‌కి వేడి తగ్గిపోతుంది.

అసలు అడ్డంకి మోతాదు. సీటీకి మిల్లీమోలార్ (లీటరుకు మిల్లీమోళ్ల) స్థాయి గాఢత కావాలి, అంత బంగారం కాలేయంలో, ప్లీహంలో పేరుకుంటుంది. సుమారు 5.5 నానోమీటర్లలోపు కణాలే మూత్రపిండాల గుండా తేలిగ్గా బయటపడతాయి. ఈ కడ్డీలు అంతకంటే పెద్దవి.