పిట్టల పుస్తకం హోంవర్కు అయిపోతే

ప్రశ్న: మాది నెల్లూరు పక్కన ఇందుకూరుపేట మండలం. మా ఆయన రొయ్యల గుంటలు చేస్తారు. బాబుకి ఎనిమిదేళ్లు. సెలవుల్లో ఫోన్ వదలడం లేదని, చెట్లూ పిట్టలూ చూసి రాసుకోమని మంచి డైరీ, రంగు పెన్సిళ్లు కొనిచ్చాను. తప్పులు దిద్ది, బాగా లేని బొమ్మలు మళ్లీ వేయించాను. నాలుగు రోజులు గీశాడు. ఇప్పుడు డైరీ తీస్తేనే ఏడుపు. తీతువు గురించి రాస్తే మా అత్తయ్య "ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దు" అని కసిరారు. "రొయ్యలు తినే పిట్టలకి బొమ్మలు కూడానా" అంటారు ఆయన. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, "తప్పులు దిద్ది, మళ్లీ వేయించాను" అని మీరే రాశారు. ఇల్లంతా తలా ఒక మాట అన్నారు కానీ, వాడి పెన్సిల్ ఆగింది అక్కడే. బడి మూసేశాక ఇంట్లో ఇంకో బడి తెరిస్తే ఏ పిలకాయైనా పారిపోతాడు. ఆ పుస్తకంలో కొంగకి మూడు కాళ్లున్నా మీరు నోరు మెదపకూడదు. వాడు పిలిచి చూపిస్తేనే చూడండి. చూసి "బాగుంది" అనకండి, "ఇది అప్పుడు ఏం చేస్తోంది?" అని అడగండి.

మీ ఆయన సంగతి నాకు భలే అనిపించింది. గుంటలు చేసేవాళ్లు చాలామంది ఒక నోటుబుక్కు పెట్టుకుంటారు. ఏ పూట ఎంత మేత వేసింది, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ల రంగు, ఉప్పు శాతం, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగింది, అన్నీ తేదీ వేసి రాస్తారు. మీరు బాబుని రాయమంటున్నదీ అలాంటిదే కదా! ఆయన్ని పిట్టల గురించి ఒప్పించే పని పెట్టుకోకండి. ఆ పుస్తకం వాడికి చూపించి, "తెల్లారుజామున రొయ్యలు నీళ్లపైకి ఎందుకొస్తాయి" అని చెప్పమనండి. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుందని ఆయనకి తెలిసినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు. నీటికాకుల మీద ఆయన కోపం న్యాయమైనదే, నష్టపోయేది ఆయన. ఏ పూట ఎన్ని వాలాయో బాబు లెక్క రాస్తే ఆ కాగితం ఆయనకే పనికొస్తుంది.

అత్తయ్యగారితో వాదన వద్దు. తీతువు చావుకబురు తెస్తుందని ఆవిడ పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. అసలు ఆ పిట్ట గూడంటూ కట్టదు, గట్టు మీద ఉత్త నేలలో చిన్న గుంత చేసి, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చలతో అవి గులకరాళ్లలాగే ఉంటాయి. మనిషో కుక్కో అటు వస్తే గుడ్ల కోసం గోల పెడుతుంది, రాత్రయినా సరే. బాబు దూరం నుంచి చూసి ఇదంతా గీసుకుంటే, ఏదో ఒకరోజు నాయనమ్మే అడుగుతుంది. గుడ్ల దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకండి. ఏరేటర్ల కరెంటు వైర్లుంటాయి, వాళ్ల నాన్న లేకుండా గట్టెక్కనివ్వకండి.

పిట్ట పేరు తెలియకపోతే తెలియలేదని వదిలేయనివ్వండి. తేదీ, టైము, ఎండా మబ్బా, చూసిందేంటి, ఎందుకలా చేసిందో అని వచ్చిన సందేహం, అంతే. పది నిమిషాలు చాలు. పెన్ను వద్దు, తడి తగిలితే అలుక్కుపోతుంది. పెద్ద పక్షి శాస్త్రవేత్త అయిన సలీం అలీ పదేళ్ల వయసులో పిచ్చుకల గురించి రాసుకున్న నోటు, దాదాపు అరవై ఏళ్ల తర్వాత అచ్చయింది. అందులో ఉన్నది తను చూసింది, లెక్కపెట్టింది మాత్రమే. (పిచ్చుకల్ని తుపాకీతో కొట్టి మరీ లెక్కపెట్టాడు, ఆ ముక్క మీవాడికి ఇప్పుడే చెప్పకండి.)

చలికాలంలో ఒక ఆదివారం సూళ్లూరుపేట వైపు నేలపట్టు పిట్టల అభయారణ్యానికి తీసుకెళ్లండి, మీ ఆయన్ని కూడా. నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెట్టుకుని ఉంటాయి. పిట్టల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులు సంతోషిస్తారు. గుంటలు చేసే మనిషికి ఆ మాట వింతగానే ఉంటుంది, దారంతా వాదించుకుంటూ వస్తారు.

బాబుకి ఇరవై రూపాయల తెల్లకాగితాల నోటుబుక్కు కొనివ్వండి. ఆ మంచి డైరీలో మీరు రాసుకోండి, పెరట్లో మునగచెట్టుతోనే మొదలుపెట్టండి. వాడు మీ బొమ్మ చూసి నవ్వితే నవ్వనివ్వండి, మీ తప్పులు దిద్దుతానంటే పెన్సిల్ చేతికివ్వండి.