బరువు నిలుపుకోవడానికి కేలరీల యాప్ చాలునా? మా ఇంటి నూనె డబ్బాను అడిగి చెబుతున్నాను

ప్రశ్న: “కష్టపడి తగ్గించుకున్న బరువును ఏళ్ల తరబడి అలాగే నిలుపుకోవడానికి కేలరీలు లెక్కించే యాప్ మీద ఆధారపడవచ్చా? దీర్ఘకాలం వాడినవాళ్లు చెప్పగలరు.”

దీర్ఘకాలం వాడాను, నమోదు చేయకుండా ఒక్క పూట కూడా వదలలేదు, కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఆధారపడకూడదు. తగ్గడానికి యాప్ పనికివస్తుంది, నాకు బాగానే పనికివచ్చింది. తగ్గిన బరువును నిలుపుకోవలసిన తొమ్మిది నెలల్లో మాత్రం అది ప్రతి రాత్రీ నాకు పచ్చ గుర్తు చూపిస్తూనే ఉంది, నేను నెలకు అరకిలో చొప్పున పెరుగుతూనే ఉన్నాను.

“మీరు సరిగ్గా నమోదు చేసి ఉండరు” అని ఎవరైనా అనే ముందు నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టులో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా ఎక్కడం, తూకం చీటీ మీదికి రావడం, చీటీ నుంచి రోజువారీ చిట్టాకు, చిట్టా నుంచి ఖాతాల పుస్తకమైన ఆవర్జాకు అంకెలు చేరడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటివి. మామూలు మనుషులు నెల తిరగకముందే విసుగుపడి వదిలేసే పనిని నేను సంతోషంగా చేశాను. 2022 జనవరిలో నా బరువు 84 కిలోలు, రక్తంలో చక్కెర హద్దు దగ్గర ఉందని డాక్టరు హెచ్చరించారు. మా అబ్బాయి ఫోనులో యాప్ పెట్టిచ్చాడు, నేను గ్రాముల లెక్కన తూచే చిన్న కాటా ఒకటి కొని వంటింట్లో పెట్టాను. “ఒరేయ్, కొట్టులో తూచింది చాలక ఇంటికి కూడా తెచ్చావా కాటాని?” అని మా అమ్మ అడిగింది.

మొదటి వారంలో చేసిన పొరపాటు చెబితే మీకు ఉపయోగపడుతుంది. ఉడికిన అన్నం తూచి, యాప్‌లో ‘బియ్యం’ అన్న పద్దు కింద నమోదు చేశాను. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. వంద గ్రాముల అన్నంలో 130కి అటూ ఇటూ ఉంటాయి, మిగిలిన బరువంతా నీళ్లే. ఆ వారమంతా తినవలసిన దానిలో సగం కూడా తినకుండా, ఆకలితో చిటపటలాడుతూ, బరువు తగ్గడమంటే ఇదే కాబోలని గర్వపడ్డాను. పొరపాటు దిద్దుకున్న తర్వాత లెక్క గాడిలో పడింది, ఆగస్టు నాటికి 72 కిలోలకు దిగాను. యార్డులో హమాలీలు సైతం “గుమాస్తా గారికి ఒంట్లో బాగాలేదా?” అని అడిగారు.

అయితే ఆ ఏడు నెలలూ నా వంట వేరుగా జరిగింది. మా ఆవిడ నా కోసం చిన్న మూకుడులో విడిగా కూర వండేది, తాలింపు కూడా నామమాత్రంగా వేసేది. బరువు తగ్గేవాడికి ఇంట్లో రోగికి ఇచ్చేంత మర్యాద దొరుకుతుంది. తగ్గిన తర్వాత ఆ మర్యాద ఉండదు, ఉండాలని కోరడం న్యాయమూ కాదు. నలుగురున్న ఇంట్లో ఒక మనిషికి జీవితాంతం విడిగా వండమని ఎవరిని అడగగలం? సెప్టెంబరు నుంచి నేను కూడా అందరితో పాటు ఒకే గిన్నెలో కూర తినడం మొదలుపెట్టాను. నమోదు మాత్రం మానలేదు. రోజుకు 1,900 కేలరీలు తినవచ్చని యాప్ అంటే 1,850 దగ్గరే ఆగేవాడిని. అయినా 2023 మే నెలాఖరుకు కాటా 77 చూపించింది.

ఆ రోజుల్లో యార్డుకు వేసవి సెలవులు. చేతిలో పనిలేని గుమాస్తా ఇంట్లో ఉండటం ఎవరికీ మంచిది కాదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నిల్వకూ పుస్తకానికీ తేడా వచ్చినప్పుడు కొట్టులో ఏం చేస్తామో వంటింట్లో అదే చేశాను. ప్రారంభ నిల్వకు కొనుగోళ్లు కలిపి, అందులో నుంచి ముగింపు నిల్వ తీసేస్తే ఖర్చయిన సరుకు తేలుతుంది. ఎవరు ఎంత తిన్నామని చెప్పినా ఆ అంకె అబద్ధం చెప్పదు. పచారీ కొట్టు బిల్లులు నాలుగు నెలలవి ముందు పెట్టుకున్నాను. బియ్యం సరిపోయింది, పప్పులు సరిపోయాయి, పంచదార కూడా దాదాపు సరిపోయింది. నూనె దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఆవకాయ కోసం కొన్న నువ్వుల నూనెను వేరే పద్దుగా పక్కన పెట్టినా, నెలకు 5 లీటర్ల వేరుశనగ నూనె డబ్బా ఒకటి ఖాళీ అవుతోంది. పిండివంటల తర్వాత మిగిలి పారబోసే నూనె కింద అరలీటరు తరుగు తీసేశాను. మిగిలిన నాలుగున్నర లీటర్లు సుమారు 4,100 గ్రాములు తూగుతాయి. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, పిండి పదార్థానికీ మాంసకృత్తులకూ 4 చొప్పున అన్నది తెలిసిన లెక్కే. అంటే నెలకు దాదాపు 37,000 కేలరీలు. దాన్ని నలుగురితోనూ, ముప్పై రోజులతోనూ భాగిస్తే మనిషికి రోజుకు 300 కేలరీలు పైచిలుకు వచ్చింది. అమ్మ తినేది తక్కువ కాబట్టి నా వాటా అంతకంటే కొంత ఎక్కువే ఉంటుంది. నా యాప్‌లో నూనె కింద రోజూ పడుతున్నది మాత్రం 80 కేలరీలు.

ఈ 80 నేను ఊహించి వేసిన అంకె కాదు. మొదట్లోనే మా ఆవిడను “కూరలో ఎంత నూనె వేస్తావు?” అని అడిగితే “రెండు చెంచాలండీ” అని చెప్పింది. కూరకు రెండు, పప్పు తాలింపుకు రెండు, పచ్చడికి రెండు, ఉదయం టిఫినుకు రెండు, మొత్తం ఎనిమిది చెంచాలు, నలుగురం కాబట్టి మనిషికి రెండు. యాప్‌లో చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, చెంచాకు 40 కేలరీలు. తప్పెక్కడుంది?

లెక్కల కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి మళ్లీ అదే ప్రశ్న అడిగాను. “రెండు చెంచాలేనని ఎన్నిసార్లు చెప్పాలండీ? నా మాట మీద ఆడిట్ వేశారా?” అని ఆమె నూనె గిన్నెలో ఉన్న గరిటె తీసి చూపించింది. మా ఇంట్లో ‘చెంచా’ అంటే అది. పొడుగు కాడ ఉన్న స్టీలు గరిటె, మా పెళ్లినాటి సామానుతో వచ్చింది. దానితో నీళ్లు ముంచి, దగ్గు మందు సీసా మూతలో పోయమన్నాను. 10 మిల్లీలీటర్ల గీత దాకా మూత ఒకసారి నిండింది. పారబోసి, గరిటెలో మిగిలినవి పోస్తే రెండోసారీ నిండింది. అంటే ఒక చెంచా 20 మిల్లీలీటర్లు! రోజుకు ఎనిమిది చెంచాలు 160 మిల్లీలీటర్లు, డబ్బా లెక్క ప్రకారం ఖర్చవుతున్నది రోజుకు 150. ఆ పది మిల్లీలీటర్ల తేడాను మా యార్డులో తరుగు కింద కొట్టేస్తారు. ఇరవై ఆరేళ్లలో ఏ నెల పద్దు కుదిరినప్పుడూ నాకు అంత ఆనందం కలగలేదు, మా ఆవిడకు అంత కోపమూ రాలేదు. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది: “కూరలో నూనె తేలకపోతే కంచం ముందు ముఖం ముడుచుకునేది ఎవరండీ?” దానికి నా దగ్గర జవాబు లేదు. నెయ్యి పద్దు కూడా తీద్దామని అనుకున్నవాడిని, ఆ మాటతో ఆ ఆలోచన విరమించుకున్నాను.

రోజుకు 220 కేలరీలు పుస్తకంలోకి రాకుండా పోతే నెలకు 6,600 అవుతుంది. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలని లెక్క వేస్తారు, ఆ ప్రకారం నేను నెలకు 850 గ్రాములు పెరగాలి, పెరిగింది అరకిలో. తేడా ఎందుకంటే శరీరం ఆవర్జా కాదు; బరువు పెరిగే కొద్దీ దాన్ని మోయడానికే కొంత ఖర్చు పెరుగుతుంది. ఆ మాత్రం తేడాతో నా లెక్క తప్పని ఎవరైనా వాదిస్తే నేను ఒప్పుకోను.

ఇది ఒక్క మా ఇంటి గొడవ కాదు. 1992లో అమెరికా పరిశోధకులు, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకునేవాళ్లను పరీక్షించినప్పుడు, వాళ్లు తింటున్నామని రాసినది నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువని తేలింది. వాళ్లందరూ అబద్ధాలకోరులని నేను అనుకోను. ప్రతివాళ్ల ఇంట్లోనూ ఏదో ఒక పెళ్లినాటి గరిటె ఉంటుంది. పైగా మనకు ఇంకొక చిక్కు ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలలో 528 ఆహార పదార్థాల వివరాలు ఉన్నాయి, అవి ప్రధానంగా వండని సరుకుల వివరాలు. బెండకాయలో ఏముందో దేశానికంతటికీ ఒక లెక్క చెప్పవచ్చు. మా ఇంటి బెండకాయ వేపుడుకూ మీ ఇంటి వేపుడుకూ కలిపి ఒక లెక్క ఎవరు చెప్పగలరు? యాప్‌లో ‘బెండకాయ వేపుడు, ఒక కప్పు’ అని కనిపించే అంకెలలో ఎన్నో ఎవరో వాడకందారు తన వంటింటి నుంచి ఎక్కించినవి. పొట్లం మీద ముద్రించిన అంకెలతో బతికేవాళ్లకు యాప్ నప్పుతుంది. ఒకే గిన్నెలో వండుకుని, వడ్డించే చేతిని బట్టి తినే ఇళ్లలో దానికి అంత చూపు లేదు.

నడక గురించి కూడా ఒక ఫిర్యాదు ఉంది. బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియంలో ఉదయం గంటసేపు నడిస్తే యాప్ నా ఖాతాలో 280 కేలరీలు జమ వేసి, ఆ మేరకు అదనంగా తినవచ్చని సూచించేది. జమ అయిన డబ్బును ఖర్చు పెట్టని మనిషి ఎవరు? సాయంత్రం బ్రాడీపేట మీదుగా ఇంటికి వస్తూ, వాము కూరిన మిరపకాయ బజ్జీలు రెండు తిని, ఉల్లిపాయ ముక్కలు కొసరు వేయించుకుని, యాప్‌లో వెతికితే ఒక్కొక్క బజ్జీకి 60 నుంచి 210 దాకా రకరకాల అంకెలు కనబడేవి. అందులో తక్కువదాన్ని ఎంచుకున్నానని వేరే చెప్పాలా? పద్దు రాసేవాడే సరుకు తినేవాడైతే ఏ కొట్టూ నిలబడదు.

బరువు తూచుకోవడం మీద మాత్రం నాకు నమ్మకం పోలేదు, సరిగదా పెరిగింది. అమెరికాలో 1994 నుంచి, బాగా బరువు తగ్గి దాన్ని నిలుపుకున్నవాళ్ల వివరాలను ఒక రిజిస్టరులో సేకరిస్తున్నారు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది వారానికి ఒకసారైనా కాటా ఎక్కుతారు. నేను రోజూ ఎక్కుతాను, కానీ ఏ ఒక్క రోజు అంకెనూ లెక్కలోకి తీసుకోను. మిర్చి కొనేవాడు టిక్కీ బరువు చూసి ధర చెప్పడు, కాయను చేత్తో పట్టుకుని తేమ చూస్తాడు. మన ఒంటికీ తేమ ఉంటుంది. కొత్తావకాయ కలుపుకుని తిన్న మరునాడు నా బరువు కిలోకు పైగా పెరుగుతుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీరే తప్ప కొవ్వు కాదు, రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. అందుకే ఏడు రోజుల అంకెలు కలిపి సగటు తీస్తాను. ఆ సగటు వరుసగా రెండు వారాలు 74 దాటితేనే యాప్ తెరుస్తాను. పది రోజులు ప్రతి ముద్దా రాసి, ఏ పద్దు పెరిగిందో చూసుకుని, మళ్లీ మూసేస్తాను. గత ఏడాది అలా రెండుసార్లు తెరవవలసి వచ్చింది. ఒకసారి నేరం బజ్జీలది, ఒకసారి సంక్రాంతి అరిసెలది.

ఇక ఇంట్లో నూనె డబ్బా తెరిచిన రోజున మూత మీద తేదీ రాయడం మొదలుపెట్టాం. 5 లీటర్ల డబ్బా మానేసి నెలకు 3 లీటర్లు తెస్తున్నాను, పెళ్లినాటి గరిటె అటక ఎక్కింది. మొదటి రెండు నెలలు “నూనె లేని వేపుడు కూడా ఒక వేపుడేనా?” అని అమ్మ కంచం పక్కకు జరిపింది, తర్వాత అలవాటు పడింది. నేను 73 దగ్గర నిలబడి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో యాప్ తెరవవలసి వచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే అయినా, రాత్రి తొమ్మిది గంటలకు “మీరు భోజనం నమోదు చేయలేదు” అని అది నన్ను గుర్తుచేసుకోవడం మానలేదు.

వచ్చే నెలలో మా అబ్బాయి హాస్టలుకు వెళుతున్నాడు. అంటే ఇకపై నలుగురితో కాకుండా ముగ్గురితో భాగించాలి, 3 లీటర్లు కాస్తా రెండుంపావు కావాలి. ఈ సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.