‘ఏటి’ అంటే నవ్వుతున్నారు

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మావారి ఉద్యోగం కోసం ఏడాది కిందట హైదరాబాద్ వచ్చాం. ఏడేళ్ల మా పాప ‘ఏటి’ అన్నప్పుడల్లా క్లాసులో పిల్లలు నవ్వుతున్నారట. ఇంట్లో కూడా ఆ మాటలు మానేయమని నేనే చెప్పాను. ఇప్పుడు నాన్నమ్మ ఫోన్ చేసినా మాట్లాడటం లేదు. స్కూల్ లైబ్రరీ నుంచి ‘స్టెల్లాలూనా’ అనే బొమ్మల పుస్తకం తెచ్చుకుని రోజూ నాతో చదివించుకుంటోంది. నిన్న రాత్రి “మనవాళ్ల దగ్గరికి ఎప్పుడెళ్తాం?” అని అడిగింది. ఆ పుస్తకం వల్లే దిగులు పెరుగుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. తిరిగి ఇచ్చేయనా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఇచ్చేయకండమ్మా. దిగులు ముందే ఉంది, చెప్పుకోవడానికి పాపకి ఈ పుస్తకం దొరికింది, అంతే.

తెలియనివారి కోసం కథ చెబుతాను. జానెల్ కానన్ రాసి, బొమ్మలు కూడా తనే వేసిన ఈ పుస్తకం 1993లో వచ్చింది. గుడ్లగూబ మీదపడటంతో తల్లి నుంచి జారిపోయిన గబ్బిలం పిల్ల చివరికి ఒక పిట్టగూట్లో పడుతుంది. పళ్లు తినే జాతి అది, పాపం పురుగులు తినాలి, రాత్రి పడుకోవాలి, తలకిందులుగా వేలాడకూడదు. తల్లిపిట్ట చెడ్డది కాదు, తన పిల్లలతో సమానంగా తిండి పెట్టింది, కాకపోతే గూట్లో ఉండాలంటే మా పద్ధతిలో ఉండు అంది. మీరూ ప్రేమతోనే చెప్పారు, పిల్లని ఎవరూ నవ్వకూడదని. కానీ నాన్నమ్మతో మాట్లాడే మాటే తప్పు అని ఆ చిన్న బుర్రకి అర్థమైంది, అందుకే ఫోన్ దగ్గర నోరు పెగలడం లేదు. ఆ ఆంక్ష ఈరోజే తీసేయండి. బడి మాట బడిలో ఎలాగూ వచ్చేస్తుంది, ఇంకో ఏడాదికి ‘గట్లనా?’ అని మిమ్మల్నే అడుగుతుంది చూడండి, అదీ మంచి తెలుగే.

గబ్బిలం ఇంట్లోకొస్తే అరిష్టం అనుకునే మన మధ్యే కవి జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యంలో, గుడిలోకి రానివ్వని మనిషి బాధని శివుడికి చెప్పి రమ్మని గబ్బిలాన్నే పంపాడు. పాప పెద్దయ్యాక అదీ చదివించండి.

కథలో స్టెల్లాలూనాకి తల్లి దొరుకుతుంది, మామిడిపండు కడుపునిండా తింటుంది, అయినా పిట్టల స్నేహం వదులుకోదు. నాకు అంతకంటే ఇష్టమైన పేజీ ముందే ఉంది, మూడు పిట్టపిల్లలూ దాన్ని చూసి తామూ గూటి అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడే పేజీ. తల్లిపిట్టకి కోపమొచ్చింది కానీ పిల్లలకి అది కొత్త ఆట. ఈ రాత్రి ఆ పేజీ దగ్గర ఆగి, “మీ క్లాసులో ఇలా నీతో వేలాడేది ఎవరే?” అని అడగండి. ఏ పేరు చెబితే ఆ పిల్లని ఆదివారం ఇంటికి పిలవండి. క్లాసు టీచర్‌తో కూడా ఒకసారి నెమ్మదిగా మాట్లాడండి. ఇంక నాన్నమ్మకి ఫోన్ మీరే చేయండి, పాప పక్కన ఆడుకుంటుండగా, మీ ఊరి మాటల్లోనే, గట్టిగా, నవ్వుతూ. పాపని పిలవకండి, తనే వచ్చి లాక్కుంటుంది.