కేసు చివర్లో దొరికిన పాస్‌బుక్

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ రాశారు. విడాకుల కేసుతో పాటు ఫ్లాట్ మీద కూడా ఫ్యామిలీ కోర్టుకు వెళ్లారు, ఫ్లాట్ భర్త పేరున ఉంది. 2014లో తన అకౌంట్ నుంచి బిల్డర్‌కు పదకొండు లక్షల డీడీ కట్టిన పాస్‌బుక్ ఇప్పుడు, వాదనలు మొదలయ్యే ముందు, అమ్మగారింట్లో పాత పట్టుచీరల కింద దొరికిందట. ఇంత ఆలస్యంగా ఇస్తే లాభముంటుందా, ఆ డబ్బు వస్తుందనుకుని మియాపూర్‌లో ఇంకో ఫ్లాట్‌కు టోకెన్ ఇవ్వొచ్చా అని అడిగారు.

నేను లాయర్ని కాదు, డబ్బు లెక్క చూసేవాణ్ణి. అయినా ముందు చెప్పాల్సింది ఒకటే, ఆ పాస్‌బుక్ ఈ వారమే లాయర్ చేతిలో పెట్టండి. పిటిషన్‌తో పాటే ఇవ్వాల్సిన కాగితాన్ని తర్వాత ఇవ్వాలంటే సీపీసీ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 7 రూల్ 14(3) కింద కోర్టు అనుమతి కావాలి. ఫ్యామిలీ కోర్ట్స్ చట్టం సెక్షన్ 14 సాక్ష్యం విషయంలో ఈ కోర్టులకు మామూలు కోర్టుల కన్నా కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదని మాత్రం అడక్కుండా ఉండరు. చీరల కింద దొరికిందన్నదే నిజమైతే అదే రాయండి, దాన్ని పెద్ద కథ చేయకండి.

మీరు రాసిన దాంట్లో నాకు బాగా నచ్చింది డీడీ ఎంట్రీ కన్నా దాని పైనున్న లైను, పీఎఫ్ డబ్బు జమ అయింది కదా, అది. భార్య లేదా భర్త పేరున ఆస్తి కొన్నా, డబ్బు పీఎఫ్‌లాగా లెక్క చూపగల మీ సొంత ఆదాయం నుంచే వచ్చిందని చూపగలిగితే ఇప్పటి చట్టం ప్రకారం అది బినామీ కాదు, 2014 నాటి మీ కొనుగోలుకు ఇది వర్తిస్తుందో లేదో లాయర్ని అడగండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. డబ్బు ఎలా ముట్టిందో చెప్పే చోట మామూలుగా డీడీ నంబర్లు రాస్తారు. మీ పాస్‌బుక్‌లో నంబరూ అందులో నంబరూ కలిశాయా, మీ మాటకు బలం వస్తుంది. ఆ బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ కూడా అడగండి, కానీ చట్టప్రకారం వాళ్లు లావాదేవీ రికార్డు ఉంచాల్సింది కొన్నేళ్లే కాబట్టి ఆ ఒరిజినల్ పాస్‌బుక్‌నే బంగారంలా చూసుకోండి, జిరాక్సులు తీయించి పెట్టుకోండి.

ఇక ఖర్చు. కోర్టు అనుమతి ఇస్తే అవతలి లాయర్ మిమ్మల్ని మళ్లీ క్రాస్ ఎగ్జామిన్ చేయొచ్చు, వాయిదాలు పెరగొచ్చు, ఆలస్యానికి కోర్టు మీ మీద ఖర్చులు కూడా వేయొచ్చు. లాయర్‌తో ఫీజు వాయిదాకు ఇంతని కాకుండా ఈ దరఖాస్తు మొత్తానికి ఇంతని ఇప్పుడే మాట్లాడుకోండి. పదకొండు లక్షల ముందు అది చిన్నదే, నా ఉద్దేశంలో పెట్టాల్సిన ఖర్చే.

టోకెన్ మాత్రం ఇవ్వకండి. తీర్పు వచ్చినా అప్పీలు ఉంటుంది, బిల్డర్ మాత్రం మీ తీర్పు కోసం ఆగడు. ఆ డబ్బు అసలు లేదనే అనుకుని మీ నెలజీతంతో ఈఎంఐ వేసి చూడండి, సరిపోకపోతే ఇంకో రెండేళ్లు అద్దెకే ఉండండి.