దీనత్వం, అంతరంగ నీతి: ఒక కోతపండుగ తరువాత నాకు తెలిసిన సంగతి

"ఉపవాసం, ప్రార్థన, దశమభాగం ఏదీ తప్పనివ్వడం లేదు, సంఘంలో పెద్దగానూ ఉన్నాను, అయినా లోపల గర్వమే కనబడుతోంది. ఈ పెద్దరికం వదిలేస్తే దీనత్వం వస్తుందా?" అని అడిగారు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇక్కడి ఒక తెలుగు సంఘంలో చాలాకాలంగా కోశాధికారిగా ఉన్నాను. మీ బాధ నేనూ పడ్డాను కనుక వ్రాస్తున్నాను.

లూకా సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానంలోని పరిసయ్యుణ్ణి, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుణ్ణి, మనం తేలికగా వేషధారి అనేస్తాం గాని, అతడు అబద్ధమాడినట్టు అక్కడ లేదు. ధర్మశాస్త్రం ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినాన ఉపవాసం విధిస్తే అతడు వారానికి రెండుసార్లు ఉండేవాడు, సంపాదన అంతటిలో పదోవంతు ఇచ్చేవాడు. అంత చేసినవాడు దేవుని ఎదుట నిలబడి దూరంగా నిలుచున్న సుంకరితో, అంటే పన్ను వసూలు చేసేవానితో, తనను పోల్చుకున్నాడు, చెడింది అక్కడే.

మా వైపు కోతపండుగకు విశ్వాసులు ధాన్యం, చోళ్లు, గుమ్మడికాయలు, కోళ్లు దేవుని సన్నిధికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఒక ఏడు నేను ఒక గుమ్మడికాయను దాని వెలకు పదింతలు పెట్టి పాడుకున్నాను. అందరూ చప్పట్లు కొడుతుంటే, ఇదంతా దేవునికే ఇస్తున్నానని నిజంగానే నమ్మాను. అదే వారం, నా పొలంలో కోతకు వచ్చిన ఒక సవర గిరిజనుడు పని మధ్యలో వెళ్లిపోయాడన్న కోపంతో అతని రెండు రోజుల కూలి ఇవ్వకుండా ఆపేశాను.

ఆ రాత్రి మత్తయి 5:23, 24 దగ్గర ఆగిపోయాను. కానుకను బలిపీఠం ఎదుట విడిచి, ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పింది, మన మీద సహోదరునికి విరోధమేదైనా ఉన్నదని జ్ఞాపకం వచ్చినప్పుడు. నాకు ఎవరి మీదా పగ లేదని సంతృప్తిపడుతూ వచ్చిన నేను, నా మీద ఎవరికి ఏముందో ఒక్కనాడూ అడగలేదు. అతడు మన సంఘస్థుడు కాడు కదా అని మనస్సు ఒక దారి వెదికింది గాని, పొలం కోసినవారికి ఇవ్వని కూలి మొరపెడుతుందన్న యాకోబు 5:4 ఆ దారినీ మూసేసింది.

అయినా మూడు వారాలు వెళ్లలేదు. డబ్బు ఎవరి చేతనైనా పంపిస్తే అతని ముఖం చూడనక్కరలేదని ఆలోచిస్తూ గడిపాను. చివరకు కొండెక్కి వాళ్ల గూడేనికి వెళితే, డబ్బు ఇవ్వడం క్షణంలో అయిపోయింది. తప్పు చేశానని చెప్పడానికి మాత్రం నాకు భాష లేదు. అతనికి తెలిసిన తెలుగు కూలి మాట్లాడుకునేంతే, నాకు సవర అసలే రాదు. బడికి వెళ్లే అతని కొడుకు, తన తండ్రికి నేను చేసిన అన్యాయాన్ని నా నోట విని, సవరలో తండ్రికి చెప్పాడు. మా ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చుకొని, 1931లో దాని వ్యాకరణం ప్రకటించారని గర్వంగా చెప్పుకునే నేను, ముప్పై ఏళ్లు వాళ్ల చేత పని చేయించుకొని కూడా క్షమించమనే ఒక్క మాట నేర్చుకోలేదు. ఆ మనిషి ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. యోహాను 13వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల పాదాలు కడుగుతుంటే, పేతురు తన పాదాలు ఎన్నడూ కడగవద్దని ఆయనను ఎందుకు అడ్డుకున్నాడో, ఆ చెంబు అందుకుంటుంటే నాకు అర్థమైంది.

అందుచేత మిమ్మల్ని పెద్దరికం వదలమని నేను చెప్పను. వదిలినవాణ్ణన్న పేరు కూడా గర్వానికి మేత అవుతుంది. సిలువ ఎత్తుకోవడం గురించిన మాటలో "ప్రతిదినము" అని చేర్చింది లూకా (9:23) ఒక్కడే. నా ప్రతిదినం ఇప్పుడు కూలి లెక్కల పుస్తకంలో ఉంది. కోతల కాలంలో పనివాళ్లందరికీ లెక్క తీర్చి, ఇంకా ఏమైనా రావాలా అని ఒక్కొక్కరినీ అడిగాకనే ఆదివారపు కానుక కవరులో డబ్బు పెడుతున్నాను. మీ మీద విరోధం ఉండదగినవారు ఎవరో మీకు ఈపాటికే గుర్తొచ్చి ఉంటే, మీ తరువాతి ఉపవాసానికి ముందే వారి ఇంటికి వెళ్లండి.