రాత్రి రెండింటికి వేసే ఆకలి గ్రెలిన్ వల్లేనా?

ప్రశ్న: కృష్ణపట్నం దగ్గర ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాను. తొమ్మిదింటికి కడుపు నిండా తిని వెళ్లినా రాత్రి రెండు అయ్యేసరికి ఆకలితో కడుపు మండిపోతుంది. గ్రెలిన్ అనే హార్మోన్ వల్ల ఇలా అవుతుందంటున్నారు. నిజమేనా? తగ్గడానికి మందు ఉందా? టెస్ట్ చేయించుకోవాలా?

జవాబు:

చాలావరకు నిజమే. మీ కడుపు ఖాళీ అయిందని కాదు, రోజూ ఆ వేళకి మీరు ఏదో ఒకటి తింటూ ఉండి ఉంటారు, ఒళ్లు దానికి అలవాటు పడి ఉంటుంది. నాకిది బాగా తెలుసు.

మాకు అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో డీఓ, అంటే కరిగి ఉండే ఆక్సిజన్, బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేయడం రొంత ఆలస్యమైనా రొయ్యలు తేలిపోతాయి. అందుకని పంట నడిచినన్నాళ్లూ అర్ధరాత్రి దాటాక గట్టు మీదే ఉంటాం. రెండింటికి షెడ్డులో అందరం తినేవాళ్లం. కాపలా ఉండే పెద్దాయన స్టీలు గిన్నెలో చద్దన్నం పెట్టుకుని, మజ్జిగ పోసి, ఉల్లిపాయను పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, ఆ ముక్కలు నంజుకుంటూ తినేవాడు. రొయ్యల పట్టుబడి అయిపోయి ఇంట్లో హాయిగా పడుకున్న రోజుల్లో కూడా నాకు అదే టైముకి మెలకువ వచ్చేది. రాత్రి చేపల పులుసుతో సుష్టుగా తిన్నా సరే, కడుపులో గుడగుడ మొదలయ్యేది. తినకుండా అలాగే పడుకుంటే కాసేపటికి సద్దుమణిగేది, కొన్ని వారాలకి పూర్తిగా పోయింది.

గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో. దీన్ని కనుక్కున్న కథ నాకు భలే ఇష్టం. గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే రిసెప్టర్ (కణం మీద హార్మోన్ లాంటివి వచ్చి అతుక్కునే చోటు) ఒకటి 1996లోనే దొరికింది కానీ, దానికి అతుక్కునే పదార్థం మన ఒంట్లో ఏదో తెలియలేదు. మెదడులోనే ఉంటుందనుకున్న ఆ పదార్థాన్ని 1999లో మసయాసు కోజిమా, కెంజి కంగావా అనే జపాన్ శాస్త్రవేత్తల బృందం ఎలుక జీర్ణాశయంలో పట్టుకుంది. 28 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. దానికి ఒక కొవ్వు ఆమ్లం తగిలించి ఉంటేనే ఆ రిసెప్టర్ మీద పనిచేస్తుంది. అది రక్తంలో కలిసి మెదడులోని హైపోథలామస్‌కి చేరి ఆకలి పుట్టిస్తుంది.

2001లో అమెరికాలో డేవిడ్ కమింగ్స్ బృందం రోజంతా రక్తం తీసి చూస్తే, ప్రతి భోజనానికి ముందు గ్రెలిన్ దాదాపు రెట్టింపు అయింది, తిన్న గంటలోపే పడిపోయింది. మీకు పనికొచ్చే విషయం ఇంకొకటుంది. ఏమీ తినకుండా ఉపవాసం ఉన్నవాళ్లలో కూడా మామూలుగా భోంచేసే వేళలకి గ్రెలిన్ పెరిగి, తినకపోయినా దానంతటదే తగ్గినట్టు ఇంకో పరిశోధనలో తేలింది. శివరాత్రి ఉపవాసం ఉండేవాళ్లని అడగండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ప్రాణం పోతున్నట్టుంటుంది, మూడయ్యేసరికి ఆకలి ఊసే ఉండదు.

"నీళ్లు తాగు, ఆకలి చచ్చిపోతుంది" అని చాలామంది చెప్తారు. నీళ్లతో కడుపు నిండినట్టుంటుంది కానీ గ్రెలిన్ తగ్గదు. అది తగ్గాలంటే పోషకాలు పేగుల్లోకి దిగాలి. మాంసకృత్తులు, పిండిపదార్థాలు దాన్ని బాగా అణుస్తాయి, కొవ్వు అంతగా అణచదు. అందుకే నూనెలో వేయించినవి ఎన్ని తిన్నా తృప్తి ఉండదని నా నమ్మకం. నేను రాత్రి భోజనంలో ఒక గుడ్డో, గట్టి పప్పో ఉండేట్టు చూసుకున్నాను. గట్టు మీద తిండిని రోజుకి కాస్త తగ్గించి, చివరికి గ్లాసు మజ్జిగకి తెచ్చాను. ఒక్కసారిగా మానేయాలని చూడకండి, డ్యూటీలో చిరాకు తప్ప ఏమీ మిగలదు.

మీ విషయంలో తిండికన్నా నిద్ర మీదే నాకు ఎక్కువ అనుమానం. 2004లో షికాగోలో 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పదేసి గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. తీపి, ఉప్పటి చిరుతిళ్ల మీదికి మనసు పోయింది. తర్వాత చేసిన పరిశోధనలన్నీ ఇంత స్పష్టంగా లేవు కానీ, నా అనుభవం మాత్రం దీనితోనే కలుస్తుంది. పొద్దున డ్యూటీ దిగి ఫోన్ చూసుకుంటూ పదకొండు దాకా మేలుకుంటున్నారేమో చూసుకోండి. కిటికీలకి ముదురు రంగు తెరలు వేయించి, ఇంట్లోవాళ్లకి చెప్పి, కనీసం ఆరేడు గంటలు కదలకుండా పడుకోండి.

బరువు తగ్గాలని కడుపు మాడ్చుకుంటుంటే మాత్రం ఒకటి తెలుసుకోండి. బరువు తగ్గేకొద్దీ గ్రెలిన్ పెరుగుతుంది, ఏడాది తర్వాత కూడా పాత స్థాయికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూశారు. తగ్గిన బరువు మళ్లీ వస్తే "నీకు నోరు కట్టుకోవడం చేతకాదు" అని తిట్టడం ఎంత అన్యాయమో దీన్ని బట్టి చూడండి. ఇంకో మాట, లావుగా ఉన్నవాళ్లలో గ్రెలిన్ సాధారణంగా తక్కువే ఉంటుంది, ఎక్కువ కాదు.

మందు గురించి అడిగారు. గ్రెలిన్‌ని అణిచి ఆకలి తగ్గించే మాత్ర ఏదీ వాడకంలో లేదు. ఈమధ్య అందరూ చెప్పుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు వేరే హార్మోన్ దారిలో పనిచేస్తాయి. అసలు గ్రెలిన్‌ని పూర్తిగా ఆపేయడం మంచిది కూడా కాదు. గ్రెలిన్‌ని పనిచేసేట్టు చేసే ఎంజైము లేని చిట్టెలుకలకి మేత బాగా తగ్గిస్తే వాటి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది, మామూలు ఎలుకలు తట్టుకున్నాయి. క్యాన్సర్‌తో చిక్కిపోయిన రోగులకి ఆకలి పుట్టించడానికి గ్రెలిన్‌లా పనిచేసే అనామొరెలిన్ అనే మందుని జపాన్ 2021లో అనుమతించింది.

గ్రెలిన్ టెస్ట్‌కి డబ్బు పెట్టకండి, మామూలు వైద్యంలో దానితో పనిలేదు. కానీ ఈ ఆకలితోపాటు దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా బరువు తగ్గడం ఉంటే వెంటనే షుగర్ చూపించుకోండి. గుండెదడ, చేతులు వణకడం ఉంటే థైరాయిడ్ కూడా.