బిస్మత్ ఫెరైట్ మొదలుపెట్టే ముందు

చి. మేనకోడలికి, అమలాపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

కాకినాడలో పీహెచ్‌డీకి సోలార్ సెల్స్ కోసం బిస్మత్ ఫెరైట్ తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. మంచిదే. బిస్మత్, ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఈ పదార్థంలోలా గది ఉష్ణోగ్రతలో ఫెర్రోఎలక్ట్రిక్ గుణం (లోపలి విద్యుత్ ధ్రువాల అమరికను, అంటే పోలరైజేషన్‌ని, బయటి వోల్టేజీతో తిప్పగలగడం), అయస్కాంత క్రమం రెండూ ఉండేవి అరుదు. కానీ ఎఫిషియెన్సీ ఇంత తెస్తానని మీ గైడుకి ఇప్పుడే మాటివ్వకు. దీని బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి, దాదాపు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే నీలం, అతినీలలోహితం తప్ప మిగతా ఎండంతా వృథా. సిలికాన్‌కి అది 1.1 మాత్రమే. బ్యాండ్ గ్యాప్‌ని మించిన వోల్టేజీ వస్తుందని 2010లో చూపించారు, నిజమే. అయితే కరెంటు అతి స్వల్పం. వోల్టేజీ ఒక్కటే చూసి మురిసిపోకు. ఇనుముతో పాటు క్రోమియం కూడా ఉన్న పొరలతో 2015లో 8.1 శాతం ఎఫిషియెన్సీ సాధించారు. గ్యాప్ తగ్గించే ఆ దారే నాకు నచ్చింది.

నీ అసలు తంటా తేమతో. ఇనుము కోసం వాడే ఫెర్రిక్ నైట్రేట్ సీసా మూత తీసి ఉంచితే మన గాలికి చెమ్మగిల్లిపోతుంది. నువ్వు తూచేది సగం నీరే. ఇనుము తగ్గి నిష్పత్తి చెడుతుంది. వానాకాలం మరీ జాగ్రత్త. బిస్మత్ నైట్రేట్‌ని ఉత్త నీళ్లలో వేయకు, తెల్లగా విరిగిపోతుంది. పలచని నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించు. కాల్చేటప్పుడు బిస్మత్ కొంత ఆవిరవుతుంది కాబట్టి ముందే కాస్త ఎక్కువ వేయాలి. ఎక్స్‌రే గ్రాఫ్‌లో 27, 28 డిగ్రీల దగ్గర చిన్న శిఖరాలు కనిపిస్తే అవి కల్తీ ఫేజులవి, అంటే మనకు అక్కర్లేని వేరే సమ్మేళనాలవి. "చిన్నవే కదా" అని వదిలెయ్యకు.

ఇక కొలతలు. వోల్టేజీ మారుస్తూ పోలరైజేషన్ గీస్తే వచ్చే చుట్టునే లూప్ అంటారు. పొరలోంచి కరెంటు కారిపోయే లీకేజీ ఎక్కువైతే ఆ లూప్ ఉబ్బి అరటిపండులా వస్తుంది, దాన్నే ఫెర్రోఎలక్ట్రిక్ అని రాసేసే వాళ్లున్నారు. స్కాట్ అనే శాస్త్రవేత్త 2008లో నిజం అరటిపండు తొక్కకే ఎలక్ట్రోడ్లు పెట్టి అలాంటి లూప్ తీసి చూపించారు! రావులపాలెం గెలలన్నీ ఫెర్రోఎలక్ట్రిక్ అయిపోతాయన్నమాట. అందుకే పోలరైజేషన్ దిశ తిప్పి చూడు. ఫోటోకరెంటు (కాంతికి పుట్టే కరెంటు) కూడా తిరగబడితే కొంత నమ్మొచ్చు. లైటు వెయ్యగానే వచ్చే ఎగుడుదిగుడు మాత్రం లెక్కలోకి తీసుకోకు. అది వేడికి పుట్టే పైరోఎలక్ట్రిక్ కరెంటు కావచ్చు. కుదురుకున్నాక రాసుకో.

ముందు మీ ల్యాబ్‌లో డెసికేటర్ (తేమ తగలకుండా రసాయనాలు దాచే పాత్ర) తెరిచి, సిలికా జెల్ నీలంగానే ఉందా, తేమ పీల్చి గులాబీ రంగుకి తిరిగిందా చూసి ఉత్తరం రాయి.

మీ మావయ్య